గోదావరి యిసుక కట్టిన దీవి

ఈ సాయంకాలము నేను మీతో మాటలాడబోవునది సముద్రమధ్యమున నున్న యొక దీవిని గూర్చి. మనమేమో అడవివారము. ఖమ్మము సీమకును భద్రాచలము మన్యమునకును నడుమ టేకు, వెదురు, ఇప్ప, తునికి చెట్ల నీడలో పుట్టి పెరిగినవారము. మనకు నీరనిన వాగు. వాగనిన తాలిపేరు, కిన్నెరసాని. అవి యన్నియు పోయి చేరునది గోదావరి. ఆ గోదావరి కూనవరము దగ్గర శబరిని కలుపుకొని పాపికొండల నడుమ దూరి కనుమరుగైన తరువాత, దాని సంగతి మనము తలపము. మన రేవు దాటిన నీరు మనది కాదని మన లెక్క. ఆ లెక్క తప్పని నాకు డెబ్బదవ యేట తెలిసినది. అది యెట్లు తెలిసినదో మీకు మనవిచేయుటకే ఈ ప్రసంగము.

సముద్రము మనకు సూటిగా కొలిచినచో ఇంచుమించు నూరు మైళ్ళ దూరము. అయినను మన పెద్దలకు కాకినాడ పరాయి ఊరు కాదు. భద్రాచలము తాలూకా 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో నుండెను. ఆ యేటనే అది ఖమ్మము జిల్లాలో చేరినది. అంతకు పూర్వము కలెక్టరు కచేరీలో పని పడినవారు లాంచీలో రాజమహేంద్రవరము చేరి, అక్కడినుండి రైలులో కాకినాడకు పోయెడివారు. మా తండ్రిగారు అట్లు రెండు పర్యాయములు పోయివచ్చిరి. తిరిగి వచ్చినప్పుడు మాకు చెప్పిన మాట యొకటి నాకిప్పటికిని జ్ఞాపకమున్నది. కాకినాడ రేవునకు ఎదురుగా సముద్రములో ఒక యిసుకగట్టు గలదనియు, అది మన గోదావరి మోసికొనిపోయిన యిసుకయే యనియు వారు చెప్పిరి. పిల్లలమగుటచే మేము నమ్మలేదు. గడచిన ఫాల్గుణమాసమున నేను పోయి ఆ గట్టుమీద నిలుచుంటిని.

దాని పేరు హోప్ దీవి. హోప్ అనగా ఆంగ్లమున ఆశ. దీవి యని పిలుచుటయే గాని, నిజమునకు అది గోదావరి ముఖమునుండి ఉత్తరముగా చాచిన యొక పొడుగాటి యిసుక నాలుక. పొడవు ఇంచుమించు 16 కిలోమీటర్లు. వెడల్పు మాత్రము స్వల్పము. దానికి తూర్పున బంగాళాఖాతము, పడమట కాకినాడ అఖాతము. ఈ గట్టు పుట్టి రెండువందల యేండ్లకు మించలేదని భూశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మన ఊళ్ళలో చింతచెట్లు కొన్ని దానికంటె పెద్దవై యుండవచ్చును.

ఇసుక దీవిగా నెట్లు మారినదను సందేహము మీకు కలుగవచ్చును. మన వాగులలో వరద దిగిన తరువాత చూడుడు. నీటి వేగము తగ్గిన చోట ఇసుక దిగబడి మేట వేయును. గోదావరి త్ర్యంబకము దగ్గర పుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించి, ధవళేశ్వరమునకు దిగువను గౌతమి, వసిష్ఠ మున్నగు పాయలుగా చీలుచున్నది. గౌతమీ పాయ సముద్రమున పడినంతనే దాని వేగము చచ్చును. మోసికొనివచ్చిన మన్నును ఇసుకను అచ్చట విడుచును. నైరృతి ఋతుపవనము వీచు నెలలలో అలలు తీరమునకు ఏటవాలుగా తగిలి, ఆ యిసుకను కొంచెము కొంచెముగా ఉత్తరమునకు నెట్టును. ఒక యేటి యిసుక మీద మరుయేటి యిసుక చేరుచు గట్టు పెరిగినది. 1986 ఆగస్టులో భద్రాచలము దగ్గర గోదావరి 75.6 అడుగులకు లేచినది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చినది. ఆ రెండు వరదలును మనలో పెక్కుమంది కన్నులార చూచిరి. మన యిండ్లను ముంచిన ఆ యెఱ్ఱనీరు ఊరక పోలేదు. దాని మన్నులో కొంత అక్కడికి చేరియుండును.

నేను కాకినాడలో పడవ యెక్కుటకు ముందు, తాళ్ళరేవు దగ్గరనున్న కోరంగిని చూచితిని. ఇప్పుడది చిన్న గ్రామము. ఒకప్పుడు దేశాంతరములకు పేరు తెలిసిన ఓడరేవు. ఓడలు కట్టుటకును, దెబ్బతిన్న ఓడలను బాగుచేయుటకును ఆ చోటు ప్రసిద్ధి. అందులకు కావలసిన టేకు దూలములు నదిమీద తెప్పలుగా తేలివచ్చెడివి. మన అడవుల చెట్లు ఆ విధముగా సముద్రయానము చేసినవి. అక్కడినుండి బర్మాకు వలసపోయిన తెలుగువారిని రంగూనులో కోరంగీలని పిలిచెడివారు. అంతటి రేవును రెండు శత్రువులు చంపినవి. మొదటిది మేట, నది తెచ్చిన మన్ను ఓడలు వచ్చు దారిని పూడ్చివేసినది. రెండవది ఉప్పెన. 1789 డిసెంబరులో వచ్చిన తుఫానున మూడు మహాతరంగములు ఒకదాని వెంట నొకటి ఊరిమీద పడెను. 1839 నవంబరులో మరల నట్టి యుప్పెనయే వచ్చెను. వేలకు వేలు జనులు మరణించిరి. వర్తకము క్రమముగా కాకినాడకు తరలిపోయినది.

ఇక్కడ నొక విశేషము గమనింపదగియున్నది. కోరంగిని పూడ్చిన మన్నే సముద్రములోనికి సాగి, కాకినాడకు గోడగా నిలిచినది. తూర్పునుండి లేచివచ్చు అల మొదట హోప్ దీవిమీద విరిగి, బలము తగ్గిన పిదపగాని అఖాతములోనికి రాదు. కావుననే అఖాతములో పడవలు నిశ్చింతగా లంగరు వేసికొనును. నది ఒక చేత తీసికొన్నదానిని మరియొక చేత ఇచ్చినదని అచ్చటివారు చెప్పుకొందురు.

కోరంగి చుట్టును ఉన్నది మడ అడవి. అడవివారమైన మనకు అది వింత అడవి. దానిని 1978లో అభయారణ్యముగా ప్రకటించిరి. విస్తీర్ణము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మన కిన్నెరసాని అభయారణ్యము దానికి ఒక యేడు ముందుగా, 1977లో ఏర్పడినదే. చెట్లమధ్య కొయ్యపలకలు పరచి నడకదారి కట్టియున్నారు. దానిమీద నిలిచి క్రిందికి చూచితిని. బురద, ఆ బురదనుండి వేలకొలది పుల్లలు మేకులవలె ఆకాశమునకు నిక్కియున్నవి. అవి మొలకలు కావు, వేళ్ళు. వేరు నేలలోనికి దిగుట మనమెరుగుదుము. పైకి లేచుట అచ్చటనే చూచితిని. బురదలో గాలి దొరకదు కనుక మడచెట్టు తన వేళ్ళను పైకి పంపి ఊపిరి పీల్చుకొనును. ఉప్పునీరు త్రాగి, అధికమైన ఉప్పును ఆకులగుండ బయటికి విడుచును. ఆకును నాకి చూచితిని, ఉప్పగా నుండెను. ఉప్పుపొన్న యను మరియొక చెట్టు పందిరి గుంజలవంటి వేళ్ళమీద నిలుచును. దాని గింజ చెట్టుననే మొలకెత్తి, ములగకాయవలె వ్రేలాడి, అదను చూచి బురదలో దిగబడును. గింజ నేలబడిన తరువాత మొలచుటకు అలలు వ్యవధి నియ్యవు కదా! బిడ్డకు నిలద్రొక్కుకొను శక్తి వచ్చువరకు తల్లియే మోయుచున్నది.

ఆ వేళ్ళ సందుననే రొయ్యపిల్లలును చేపపిల్లలును దాగి పెరుగును. వానికొరకు నీటికుక్కలు గుంపులుగా వచ్చును. రాత్రులందు బావురుపిల్లి వచ్చును. ఇది మన అడవిపిల్లివంటిదే గాని నీటికి వెరవదు. ఒడ్డున కూర్చుండి పంజాతో చేపను కొట్టిపట్టును. పగలు చాల దాగియుండుటచే నేను దానిని చూడలేదు; బురదలో దాని అడుగుజాడలు మాత్రము చూపించిరి. అచ్చటి పేదలు వంటచెరకునకై మడను నరకి నరకి కొంతభాగము బయలు చేసిరి. నరకిన చోట నేల కుంగి, పోటునీరు నిలిచి యెండి, ఉప్పు పేరుకొని మరల నేమియు మొలవలేదు. 1990 దశకము మొదలు వనసంరక్షణ సమితులు ఏర్పడి, చేపముల్లు ఆకారముగా కాలువలు త్రవ్వి, పోటునీరు వచ్చిపోవునట్లు చేసి మడ నాటిరి. నరకినవారే నాటిరి. ఆ చెట్లిప్పుడు తలయెత్తు దాటియున్నవి.

మధ్యాహ్నము దాటిన పిమ్మట, అటవీశాఖవారి అనుమతితో, తాబేళ్ళ గూళ్ళకు కావలి కాయువారి వెంట పడవలో దీవికి పోయితిని. గంటకు మించిన ప్రయాణము. పడవ నడపిన వృద్ధుడు వాడబలిజ కులస్థుడు; ఏబది యేండ్లుగా ఆ నీటిమీదనే బ్రతికినవాడు. ఇంజను శబ్దము నిలిచినంతనే నాకు తోచినది నిశ్శబ్దము. మన అడవిలో నిశ్శబ్దమనినను ఆకులు గలగలలాడును, కీచురాళ్ళు కూయును. ఇచ్చట అలయొక్క ఊపిరి తప్ప మరి శబ్దము లేదు. ఇసుకమీద బాలబంద తీగలు అల్లుకొని యూదాపూలు పూచియున్నవి. ముండ్లబంతులవంటి గడ్డియొకటి గాలికి దొర్లుచుండెను. దానిని అక్కడివారు రావణాసురుని మీసములందురు. భద్రాద్రి వాడనగుటచే నాకు నవ్వు వచ్చినది.

నీరు తీసిన తరిని, అఖాతపు వైపు బురదమీద పక్షులు దిగెను. ఉల్లంకి పిట్టలు వేలకొలది. ఇవి మంచుదేశములందు గ్రుడ్లు పెట్టి, చలి రాగానే వేల మైళ్ళు ఎగిరి మన తీరమునకు వచ్చి, బురదలోని పురుగులను తిని బలిసి, వేసవికి తిరిగిపోవును. వానిలో చేరకుండ, ఇసుకతిన్నె చివర ఒక గుంపు వేరుగా కూర్చుండెను. నల్లని రెక్కలు, నారింజవన్నె ముక్కు. విచిత్రమేమనగా, వాని క్రింది ముక్కు పైముక్కుకంటె పొడుగు. ఎగురుచు ఆ క్రింది ముక్కును నీటిలో ముంచి, నాగలి చాలు పెట్టినట్లు గీతగీయుచు పోవును. చేప తగిలిన ముక్కు మూసికొనును. ఇవి ఉత్తరదేశమున చంబలువంటి నదుల ఇసుకతిన్నెలమీద గూళ్ళు పెట్టునట్టివి. లోకమున వాని సంఖ్య నేడు కొలదివేలకు దిగజారినది. నదులలో ఇసుకతిన్నెలు తరిగిపోవుటయే ముఖ్యకారణము. మన ఏటపాక దగ్గర జటాయువు కూలినదని చెప్పుకొందుము గదా! రెక్క తెగినపుడు పక్షి కూలుట కంటికి కనబడును. గూటిచోటు పోయినపుడు పక్షి కూలుట యెవరి కంటికిని కనబడదు.

చీకటి పడినది. తాబేళ్ళ కొరకు నిరీక్షించితిమి. జనవరి మొదలు మార్చి వరకు ఆలివ్ రిడ్లీ యను సముద్రపు తాబేళ్ళు ఈ తీరమున గ్రుడ్లు పెట్టును. ఒక్కొక్కటి రెండడుగుల పొడవు, నలువది కిలోల బరువు. రాత్రి రెండవజామున అలలోనుండి ఒక నల్లని బండవంటిది ఒడ్డునకు వచ్చెను. నీటిలో పక్షివలె ఈదు ఆ ప్రాణి, ఇసుకమీద తన బరువు తానే మోయలేక రెండడుగులు వేసి ఆగుచు వచ్చెను. అలలు అందని చోటు చూచుకొని వెనుకకాళ్ళతో మూరెడు లోతు గుంట త్రవ్వెను. ఒక కాలు మన్ను తీసి ప్రక్కన పెట్టుచుండగా, రెండవకాలు దానిని దూరముగా చిమ్ముచుండెను. కుమ్మరి చేతిపని కూడ అంత నేర్పుగా నుండదు. అందు నూటికి పైగా గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తన పొట్టతో అటునిటు ఊగి గట్టిగా నదిమి, గుర్తు చెరిపి, వెనుదిరిగి చూడక పోయినది. దాని కన్నులనుండి నీరు కారుచుండెను. ఏడ్చుచున్నదని నేననుకొంటిని. అది ఏడ్పు కాదనియు, ఒంటిలోని యుప్పును కంటి దగ్గరనున్న గ్రంథులు వెలికి తీయుచున్నవనియు కావలివారు తెలిపిరి.

తల్లి మరల రాదు. గ్రుడ్లను పొదుగునది ఇసుక వేడి. నలువదియైదు మొదలు అరువది దినములలో పిల్లలు పుట్టును. ఆడ మగ భేదమును కూడ ఆ వేడియే నిర్ణయించును. ఇసుక చల్లనైనచో మగపిల్లలు, వేడియైనచో ఆడపిల్లలు అధికముగా పుట్టును. భూమి వేడెక్కుచున్న యీ దినములలో ఇది చిన్న సంగతి కాదు. మగవి పుట్టుట కరవైనచో వంశమే నిలువదు. నక్కలును, ఊరకుక్కలును గూళ్ళను త్రవ్వి తినును. అందుచే కావలివారు తెల్లవారకముందే గ్రుడ్లను జాగ్రత్తగా తీసి, వల కట్టిన దొడ్డిలో అదే లోతున పాతిపెట్టుదురు.

ఆ రాత్రియే ఒక పాత గూడు పగిలినది. ఇసుక కదలి, అరచేతిలో మూడు పట్టునంతటి నల్లని పిల్లలు నూటికి దగ్గరగా పైకి వచ్చెను. వానిని నీటికి పది బారల దూరమున విడిచిరి. సముద్రమే వైపున నున్నదో వానికెట్లు తెలియునని అడిగితిని. చీకటిలో నేలకంటె నీరు కొంచెము వెలుగుగా నుండును. ఆ వెలుగును పట్టి పోవునని చెప్పిరి. చెప్పినదానిని శ్రద్ధగా విని, మరునిమిషముననే తెలివిమాలినపని చేసితిని. పిల్లలను చక్కగా చూడవలెనను ఆత్రముతో చేతిలోని దీపమును వెలిగించితిని. అప్పటివరకు అలవైపు సాగుచున్న చిన్నప్రాణులన్నియు ఒక్కసారిగా తిరిగి నా కాళ్ళవైపు రాసాగెను.

పడవవృద్ధుడు పరుగున వచ్చి, "మాస్టారూ, ఆ లైటు ఆర్పేయండి బాబూ! పాపం, మీరే సముద్రం అనుకుని వత్తన్నాయండి" అనెను.

దీపమార్పితిని. కొంతసేపటికి పిల్లలు దారి తెలిసికొని నీటిలోనికి పోయినవి. నా మనస్సు మాత్రము కుదుటపడలేదు. బడిలో ముప్పది యేండ్లు పిల్లలకు దారి చూపితినని గర్వించువాడను. మంచి చేయవలెనను తలంపే చాలదు. మన చేతిలోని వెలుగు ఎవరిని ఎటు త్రిప్పునో యెరిగియుండవలెను. తీరము పొడవున పట్టణముల దీపములు వెలుగుచున్న చోట్ల పిల్లలు ఇట్లే దారితప్పి, తెల్లవారునప్పటికి కాకులపాలగుచున్నవట. నీటిని చేరినవానిలోను వేయింట ఒకటి యైనను పెరిగి పెద్దదగుట అరుదని చెప్పుదురు. అట్లు బ్రతికిన ఆడుది గ్రుడ్లు పెట్టుటకు తాను పుట్టిన తీరమునకే వెదకికొని వచ్చును. పుట్టింటి త్రోవ మరువని గుణము దానికిని కలదు.

తెల్లవారిన పిమ్మట తీరము వెంట నడచితిని. రెండు మైళ్ళలో చచ్చిన తాబేళ్ళు నాలుగు కనబడెను. ఒంటిమీద గాయము లేదు. తాబేలు నీటిలో బ్రతుకునదే గాని, ఊపిరి పీల్చుటకు పైకి రావలెను. మరపడవలు గంటలకొలది ఈడ్చుకొనిపోవు పెద్దవలలో చిక్కినచో పైకి రాలేక ఊపిరాడక చచ్చును. తీరమునకు 8 కిలోమీటర్ల లోపల మరపడవలు వేటాడరాదని నియమము కలదు. వలమెడలో ఇనుపకడ్డీల చట్రము నమర్చినచో రొయ్యలు లోనికి పోవును, తాబేలు చట్రమునకు తగిలి ప్రక్కదారిని బయటపడును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ తాబేటికి పులితోపాటు మొదటి పట్టికలో స్థానమిచ్చినది. అయినను చావులు ఆగలేదు. ఆ చట్రమువలన చేపలు కూడ కొన్ని జారిపోవునని జాలరులు చెప్పుదురు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు వేట నిలుపుదల. ఆ అరువదియొక్క దినములు ఇల్లు గడుపుటయే వారికి కష్టము. పడవవృద్ధునితో నేను కొంచెము కోపముగా మాటలాడగా, అతడు నెమ్మదిగా, "మీ అడవిలో కట్టెలు కొట్టుకునేవాడిని అడిగినట్టుందండీ. వాడికీ పిల్లలుంటారు కదండీ" అనెను. నేను మారుమాట పలుకలేకపోతిని. పోడు కొట్టినవానిని నిందించి, పోడు కొట్టనక్కరలేని బ్రతుకుతెరువు చూపలేనివారము మనమును కాదా?

ఆ నడకలోనే మరియొకటి నా కంటబడెను. అలలు విడిచిన చెత్తలో ఒక ప్లాస్టిక్ సంచి. ఎండకు రంగు పోయినను అక్షరములు కొన్ని మిగిలియున్నవి. బట్టల దుకాణపు సంచి. దుకాణము పేరు చెరిగినది. ఊరి పేరు చెరుగలేదు. అది మన ప్రాంతపు ఊరి పేరే. శ్రోతలారా, ఆ క్షణమున నాకు కలిగిన సిగ్గు ఇంత యని చెప్పలేను. మా తండ్రి మన యిసుక అక్కడికి పోవునని చెప్పినపుడు నేను నమ్మలేదు. సంచి సాక్ష్యము చెప్పినది. జెల్లీచేపలను తినుట తాబేళ్ళకు అలవాటు. నీటిలో తేలు సంచి కూడ జెల్లీచేపవలెనే కనబడును. మింగినచో ప్రేవుకు అడ్డుపడి ఆకలితో చచ్చును. మన రేవులో నవమినాడును, ముక్కోటినాడును, నిత్యమును మనము విడుచునది ఏ కడుపున చేరునో ఆలోచింపుడు.

ఇప్పుడు ఇసుక మాట. దీవి గట్టిగా నిలిచియున్నదని తోచును గాని, సముద్రము దానిని ప్రతిదినము కోయుచునే యుండును. నది క్రొత్తయిసుక తెచ్చి పోయుచున్నంతకాలము లెక్క సరిపోవును. గోదావరి డెల్టాను పరిశీలించిన శాస్త్రజ్ఞుల లెక్కల ప్రకారము, 1970 దశకమున నది మోసిన మన్నులో 1990 దశకమునాటికి సగము కూడ మిగులలేదు. ఎగువను కట్టిన ఆనకట్టల వెనుక అది నిలిచిపోవుచున్నది. తీరము పలుచోట్ల కోసుకొనిపోవుచున్నది. కాకినాడకు ఉత్తరముననున్న ఉప్పాడలో వీధులకు వీధులే సముద్రములో కలసినవి. దానికి వేరుకారణములును కలవు. కాని ఇసుక కరవు అన్నిటికిని మూలములలో నొకటి. పోలవరము దగ్గర సాగుచున్న నిర్మాణము ముగిసిన పిదప నిలిచిపోవు మన్ను ఇంకను హెచ్చును. ఆనకట్టలు వలదని నేననను. ధవళేశ్వరమున 1847 మొదలు 1852 వరకు కాటన్ దొర కట్టించిన ఆనకట్ట కరవుసీమకు అన్నము పెట్టినది. ప్రతి మేలునకును ఒక వెల యుండుననియు, ఆ వెల ఎవరు చెల్లించుచున్నారో చూచుట ధర్మమనియు మాత్రమే నా మనవి.

ఇందు మన పాలెంత యని మీరడుగుదురు. నా పాలు నేను చెప్పుకొందును. నేను ఇల్లు కట్టుకొన్న యేట మా వాగునుండి ఇసుకబండ్లు లెక్కలేకుండ తోలించితిని. ఊరందరును అట్లే చేసిరి. పిదప వచ్చిన వేసవిలో మా దొడ్డిబావి మొదటిసారి యెండినది. వాగులోని ఇసుక ఊరక పడియున్న వస్తువు కాదు. అది వాననీటిని దాచి, మెల్లమెల్లగా బావులకు పంచిపెట్టు తొట్టి. తొట్టిని అమ్ముకొని నీరు లేదని ఏడ్చితిమి. కొండవాలున చెట్టు నరకినపుడు జరుగునదియు అట్టిదే. అక్కడ మొదట కొట్టుకొనిపోవునది పంటనిచ్చు పైమన్ను; తరువాత మిగులునది రాయి. ఆ మన్ను దీవి కట్టునుగదా యని సంతోషింపరాదు. చేనిమన్ను సన్నని బురదయై దూరముగా తేలిపోవును. దీవిని కట్టునది ముతకయిసుక. మడచెట్లకు ఉప్పునీటితోపాటు వేసవిలో తీపినీరును కావలెను. ఆ తీపినీటిని వర్షాకాలమున దాచి వేసవిలో విడుచునది ఎగువనున్న అడవియే. కాబట్టి మన కొండమీది చెట్టును, వారి బురదలోని చెట్టును ఒకే నీటి చేలో మొలచినవి.

ఒక్క ఊరు మారినంతమాత్రమున దీవి నిలుచునని చెప్పి మిమ్ము భ్రమపెట్టను. పెద్ద ఆనకట్టల సంగతి మన చేతిలో లేదు. చేతిలోనున్నవి కొన్ని కలవు. వాగుయిసుకను ఎంత తీయవలెనో, ఏచోట తీయరాదో గ్రామసభలో మనమే నిర్ణయించి, ఆ మాటమీద నిలువవచ్చును. గట్టువెంట పది బారల వెడల్పున చెట్టు కొట్టకుండ విడువవచ్చును. రేవులో సంచులు వేయువానిని పెద్దరికముతో వారింపవచ్చును. పెద్దలాడిన మాట కాపలావాని కఱ్ఱకంటె దూరము పోవును. మడ నరకినవారే మడ నాటిరని మీకు చెప్పితిని. వారు మనకంటె కలవారు కారు, చదివినవారు కారు.

మరలివచ్చుటకు పడవ యెక్కుచు నేను ఆ సంచిని మడచి జేబులో పెట్టుకొంటిని. వృద్ధుడు చూచి, "అదెందుకండీ?" అని అడిగెను. మా ఊరిది, మా ఊరికే తీసికొనిపోవుచున్నానంటిని. అతడు నవ్వి, "ఇసకలో కప్పెట్టేసినా ఎవరూ చూడరండీ" అనెను. నిజమే, ఎవరును చూడరు. మన రేవులో దానిని విడిచినవానిని కూడ ఎవరును చూచియుండరు.

ఆ సంచి ఇప్పుడు మా యింట గోడకు తగిలించియున్నది. వచ్చినవారు ఇదేమని అడుగుదురు. అడిగినవారికెల్ల ఈ కథ చెప్పుచున్నాను. ఈ సాయంకాలము మీరడుగకయే చెప్పితిని. వచ్చు వర్షాకాలమున గోదావరి మొదటి హెచ్చరిక 43 అడుగులను దాటి మీ గట్టు నొరసికొని పోవునపుడు, ఆ యెఱ్ఱనీరు ఎక్కడికి పోవుచున్నదని మీ మనుమలు మిమ్ముల నడిగినచో, సముద్రమునకని మాత్రము చెప్పి ఊరకుండకుడు. నూరు మైళ్ళ కవతల అది యొక దీవిని కట్టుచున్నదనియు, దానిమీద మూరెడు లోతున గ్రుడ్లు దాచి పోయిన తల్లులు కలవనియు చెప్పుడు.